గీత కింద మాటలు

ట్రుగనీనా, మెల్‌బోర్న్
10 మార్చి 2024

భ్రమరాంబగారికి నమస్కారాలు.

నేనెవరో మీకు తెలియదు. పేరు సృజన. మాది బొబ్బిలి దగ్గర. పెళ్ళయి ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను, కండరాలు, కీళ్ళు దెబ్బతిన్నవాళ్ళ చేత వ్యాయామాలు చేయించి నడిపించే పని. శనివారాలు ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బుకి వెళ్ళి ఆటగాళ్ళ కాళ్ళు చూస్తాను. మీ మేనల్లుడు ద్వారకానాథ్ నాకు అక్కడే పరిచయం.

క్లబ్బు వాళ్ళకి అతను బర్మా పేరుతో జేయా. బర్మా నుంచి థాయ్‌లాండ్ మీదుగా శరణార్థిగా వచ్చాడనీ, ఒకప్పుడు దేశపు జట్టులో ఆడాడనీ కోచ్ చెప్పాడు. చీలమండ బెణికి నా బల్ల మీద పడుకున్నాడు. నేను ఇంగ్లీషులో ఏదో అడుగుతూ నొక్కితే, "అమ్మో, అక్కడే, అక్కడే" అన్నాడు. నా చెయ్యి ఆగిపోయింది. నీకు తెలుగెలా వచ్చని అడిగాను. "మాది తెలుగే కదక్కా. మా తాతలది సీకాకుళం. మరి నీకెలాగొచ్చు?" అని ఎదురడిగాడు.

అక్కడ సైన్యంవాళ్ళు ఫోన్లు వింటారనీ, తన పేరు వాళ్ళ జాబితాలో ఉంది గనుక మీతో మాట్లాడడం మీకే ప్రమాదమనీ చెప్పాడు. బర్మా భాషలో ఉత్తరం రాస్తే దారిలో కాపలావాళ్ళు చదువుతారట. తెలుగైతే ఎవరూ చదవలేరు. చిక్కేమిటంటే చదవడం, రాయడం తనకీ రాదు. అందుకని నన్ను రాయమన్నాడు. థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు మేసాట్‌లో మీ ఎండుచేపల వ్యాపారి చిరునామా ఇచ్చాడు. అతను సరిహద్దు దాటేటప్పుడు పట్టుకొస్తాడట.

అతను చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. ఒంట్లో బాగుంది. గోడౌనులో పని దొరికింది. ఎప్పట్లాగే మధ్యలోనే ఆడుతున్నాడు. చలి ఎక్కువ. తమ్ముడు చందుని చదువు మానొద్దని చెప్పమన్నాడు. చివర్లో, "కాళ్ళు బాగున్నాయని రాయక్కా. అత్త ముందర అదే అడుగుతాది" అన్నాడు.

ఇలా పరాయి ఇంటి సంగతుల్లో దూరడం సబబేనా అని నాకు అనుమానంగానే ఉంది. మీకు ఇష్టం లేకపోతే జవాబు రాయకండి, అర్థం చేసుకుంటాను.

సృజన


మౌల్మీన్, బర్మా
24 ఏప్రిల్ 2024

చిరంజీవి సౌభాగ్యవతి సృజనకు భ్రమరాంబ ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇక్కడి కొత్త సంవత్సరపు నీళ్ళ పండుగ నాడు అందింది. ఈ ఏడు వీధుల్లో ఎవరూ నీళ్ళు చల్లుకోలేదు. నేను మాత్రం తలుపు వేసుకుని నీ ఉత్తరం చదువుకుని తడిసినంత పని చేశాను.

నన్ను గారూ గీరూ అనకు. బొబ్బిలి దానివంటున్నావు, మా నాయనమ్మ ఊరు అక్కడికి ఆమడ దూరం. అక్కా అను. ఏభై రెండేళ్ళు నాకు. రామాలయం వెనక హాల్లో సాయంత్రాలు పిల్లలకి తెలుగు చెబుతాను. ద్వారకకి తెలుగు రాయడం రాదన్న సంగతి నువ్వు మొహమాటపడి రాశావు గానీ, అది నాకే తలవంపు. ఊరందరి పిల్లలకీ నేర్పాను, మా అన్న కొడుక్కి నేర్పలేకపోయాను. వాడు 'అ ఆ'లు మొదలుపెట్టగానే కిటికీలోంచి దూకేవాడు. పేము బంతిని కింద పడనీకుండా కాలితో తన్నే ఆట ఉంటుంది ఇక్కడ. సైకిల్ రిక్షావాళ్ళ గుంపులో నిలబడి చీకటి పడేదాకా అదే. అన్నా వదినలు పడవ ప్రమాదంలో పోయాక ఇద్దరు పిల్లలూ నా చేతికొచ్చారు. కొట్టి కూర్చోబెట్టొచ్చు. కానీ వాడి కాలి మీద బంతి ఆగే తీరు చూస్తే కొట్టబుద్ధి అయ్యేది కాదు.

ఆట గురించి నాకు తెలిసింది ఒకటే. గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది. వీడి పేరు రాదు. వీడు మధ్యలో నిలబడి, వెనకనుంచి వచ్చిన బంతిని ముందున్నవాడికి అందిస్తాడు. రంగూన్ క్లబ్బు తీసుకుంది. తరవాత దేశపు జట్టు. మూడేళ్ళ కింద సైన్యం వచ్చాక జట్టులోకి రమ్మని కబురొస్తే, జనాన్ని చంపేవాళ్ళ చొక్కా తొడగనని చెప్పి అడవిదారిన వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలిన జెర్సీని పొయ్యిలో పెట్టాను. అది గుడ్డలా కాలదు, సృజనా. కరిగి అంటుకుంటుంది. ఆ పొయ్యి ఇంక దేనికీ పనికి రాలేదు.

నీకో పద్ధతి చెప్పాలి. మా తాత బియ్యం మిల్లులో పనిచేసేవాడు. చదువొచ్చినవాడు ఆయనొక్కడే గనుక కూలీలకి ఇంటి ఉత్తరాలు ఆయనే చదివిపెట్టేవాడు. రాసేవాళ్ళకి ఆ సంగతి తెలుసు. అందుకని అందరికీ వినిపించాల్సింది పైన రాసి, అడ్డంగా గీత కొట్టి, దాని కింద చదివేవాడికి మాత్రం రాసేవారు: 'ఈ కబురు ఇప్పుడే చెప్పకు, బలం పుంజుకున్నాక చెప్పు' అని. ఎప్పుడు చెప్పాలో తాతే చూసుకునేవాడు. కొన్ని ఎప్పటికీ చెప్పలేదట. మా ఇళ్ళల్లో ఇప్పటికీ అదే మర్యాద. నేనెప్పుడైనా గీత కొడితే, కిందది నీకు.

ఈ ఉత్తరంలో గీత లేదు. అంతా చదువు. చందు రోజూ కాలేజీకి వెళుతున్నాడు. అన్న మీద అలిగాడు, తనకి విడిగా రాయలేదని.

భ్రమరాంబ


ట్రుగనీనా
16 జూన్ 2024

భ్రమరాంబక్కా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. కిటికీ మాట దగ్గర నవ్వాడు. జెర్సీ మాట దగ్గర ఆ ముక్క మళ్ళీ చదవమన్నాడు.

ఈసారి చెప్పి రాయించడానికి అతను పక్కన లేడు. గోడౌనులో షిఫ్టులు ఎక్కువయ్యాయి, "నువ్వే రాసీ అక్కా, బాగానే ఆడతన్నాడని రాసీ" అని ఫోనులో చెప్పాడు. అంత ఒక్క ముక్క ఉత్తరం ఎలా పంపను? అందుకని నేను చూసింది రాస్తున్నాను.

మా మైదానం గోడౌన్లకీ కొత్త ఇళ్ళకీ మధ్య ఉంటుంది. పడమటి గాలికి అడ్డం లేదు. బంతి గాలిలోకి లేస్తే ఎటు పోతుందో చెప్పలేం. అందుకని మీవాడు దాన్ని నేల మీదే ఉంచుతాడు. పక్క పేటలోని, బర్మా నుంచే వచ్చిన కరెన్ తెగ కుర్రాళ్ళు డోలు పట్టుకొచ్చి అతని కోసమే కూర్చుంటారు. మా అమ్మాయి రుచితకి పదిహేనేళ్ళు, నేను ఎక్కడికి రమ్మన్నా మొహం ముడుచుకుంటుంది. అలాంటిది ఆట సగంలో నా మోచెయ్యి పట్టుకుని "అమ్మా, హీ నెవర్ లుక్స్ ఎట్ ద బాల్" అంది. నిజమే, బంతిని కాదు, మనుషుల్నే చూస్తాడు. బంతి ఎక్కడుందో అతని కాలికి తెలుసు.

ఇంకో మాట. పెద్ద లీగులో ఆడే ఒక క్లబ్బు తరఫున ఒకాయన వచ్చి కంచె దగ్గర నిలబడి చూశాడు. ఆట అయ్యాక మా కోచ్‌తో చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ మంచిమాటే అయుంటుంది. ఇది తేలేదాకా ఎవరికీ చెప్పకండి. తేలకపోవచ్చు కూడా. ఇలాంటివి తేలేదాకా నమ్మకూడదని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

చందుకి విడిగా ఇంకో కాగితం రాయమన్నాడు. ఇందులోనే పెట్టాను: 'మోటారు సైకిలు నీదే, పద్ధతిగా నడుపు' అని.

సృజన


మౌల్మీన్
11 ఆగస్టు 2024

చి.సౌ. సృజనకు,

వానలు వదలడం లేదు. కరెంటు రోజులో కాసేపు ఉంటుంది, అదీ చెప్పి రాదు. హాల్లో పిల్లలు తగ్గారు. మగపిల్లల్ని తల్లులు థాయ్‌లాండ్ పంపేస్తున్నారు. మిగిలిన ఆడపిల్లలు ముచ్చటగా రాస్తున్నారు. పెద్ద క్లబ్బు మాట విన్నప్పట్నించి నా నడకే మారిందని చేపలమ్మే ఆవిడ అంది. నేను ఎవరికీ చెప్పలేదు. నా కాళ్ళే చెప్పేశాయి కాబోలు.

ద్వారకా, చలికి చెవులు కప్పుకో. చందు కులాసా. నీ మోటారు సైకిలు తుడిచి తుడిచి రంగు పోగొడుతున్నాడు.

__________

ఇది నీకు.

చందుని సైన్యంలోకి తీసుకుపోయారు. ఇరవై రెండేళ్ళవాడు. వార్డు ఆఫీసులో చీటీలు తీశారు, పేరు వచ్చింది. పారిపోదామంటే దారులన్నీ కాపలా. జులై మొదట్లో లారీ ఎక్కించారు. ఎక్కేటప్పుడు నా వైపు చూడలేదు. నేను ఏడుస్తానని.

వారం తిరక్కుండా ఒక మేజర్ ఇంటికి వచ్చాడు. మర్యాదగానే కూర్చున్నాడు, టీ తాగాడు. ద్వారక కాన్‌బెర్రాలో ఎంబసీకి వెళ్ళి తప్పయిందని చెప్పి ఫోటో దిగి, తిరిగొచ్చి దేశపు జట్టులో ఒక్క ఆట ఆడితే చందుని ఇంటికి పంపిస్తామన్నాడు. రాసి ఇవ్వమంటే నవ్వాడు.

వద్దన్నాను. ద్వారక వస్తే జైలే. వాళ్ళ మాట మీద నాకు నమ్మకం లేదు. పోనీ జైలు లేదనుకో, వాడి కాళ్ళు ఆడే ఏళ్ళు ఇంకెన్ని? ఇప్పుడే గదా అక్కడ తలుపు తెరుచుకుంటోంది. చందుని వంటపనికి వేస్తారనీ, డ్రైవర్‌గా వేస్తారనీ అంటున్నారు. వాడికి బండి నడపడం వచ్చు.

ద్వారకకి ఇది చదవకు. వింటే వచ్చేస్తాడు. నాకు తెలుసు వాడి సంగతి.

భ్రమరాంబ


ట్రుగనీనా
8 సెప్టెంబరు 2024

అక్కా,

గీత దాకా చదివాను. కింద ఇంకా అక్షరాలు కనబడుతున్నాయని, "అత్త ఇంకేటి రాసింది?" అని అడిగాడు. నా బాగోగులు అడిగారని చెప్పాను. అతను నమ్మాడు. నమ్మకపోతే బాగుండునని కూడా అనిపించింది.

మీ మాట కాదనలేను. కానీ మీకొక్క మాట చెప్పకుండా ఉండలేను. ఇది అతని తమ్ముడి ప్రాణం. రావాలో వద్దో చెప్పాల్సింది మీరూ నేనూ కాదేమో. రేపు తెలిస్తే అతను మన మొహాలు చూస్తాడా? మళ్ళీ అనిపిస్తుంది, చెబితే వచ్చేస్తాడన్నది నిజమే కదా, వచ్చాక జైల్లో పెడితే ఇద్దరూ పోయినట్టే కదా అని. ఇలా అటూ ఇటూ తిరిగి చివరికి ఏ పనీ చెయ్యకపోవడం నాకు పాత అలవాటు. మా ఆయన రామ్మోహన్‌కి చెబితే, వాళ్ళ ఇంటి విషయం, నువ్వు పోస్టుమేన్ పని చేస్తే చాలు అన్నాడు. పోస్టుమేన్ ఉత్తరాలు చదవడు కదా.

క్లినిక్‌లో ఒకరి కాలు పట్టుకుని ఉండగా మీ చందు లారీ ఎక్కడం గుర్తొస్తోంది. నేనెప్పుడూ చూడని కుర్రవాడు.

ఇక్కడ ఆటల సీజన్ అయిపోయింది. ద్వారక పనికి వెళ్ళొస్తున్నాడు. అతని గురించి రాయాల్సింది ఇంకా ఉంది. ఈసారి రాస్తాను.

చందు ఎక్కడున్నాడో తెలిస్తే వెంటనే రాయండి.

సృజన


మౌల్మీన్
17 నవంబరు 2024

చి.సౌ. సృజనకు,

పైన ఏమీ రాయడం లేదు. వాడు అడిగితే ఉత్తరం తడిసిపోయి వచ్చిందని చెప్పు.

చందుని పడమట యుద్ధం జరుగుతున్న అరకాన్‌కి పంపించారు. వంటపనీ కాదు, డ్రైవరూ కాదు. తుపాకీ ఇచ్చారు. ఒక పిల్లవాడి ఫోన్ నుంచి ఒకసారి మాట్లాడాడు. "అత్తా, ఇక్కడ అందరూ అన్నయ్య పేరు ఎరుగుదురు. అన్నయ్య ఆట గురించే అడుగుతారు" అన్నాడు. అంతలో తెగిపోయింది.

పంపించే ముందు మేజర్ రెండోసారి వచ్చాడు. ఈసారి టీ వద్దన్నాడు. ఇదే ఆఖరు, ఒక్క మాట చెప్పు, లారీ లోంచి దింపిస్తానన్నాడు. నీ జూన్ ఉత్తరం నాకు కంఠతా వచ్చు, సృజనా. కంచె దగ్గర నిలబడిన ఆయన నా కళ్ళ ముందు ఉన్నాడు. ఇద్దరిలో ఒకడైనా వెలుతురులో ఉన్నాడు గదా, వాణ్ణి కూడా నా చేత్తో లాక్కొచ్చి ఈ చీకట్లో పడెయ్యనా అనుకున్నాను. వెళ్ళిపొమ్మన్నాను.

చెప్పాల్సింది మనం కాదేమో అని రాశావు. పిల్లల్ని పెంచినవాళ్ళకి ఆ వీలు ఉండదమ్మా. బడిలోనూ అంతే. ఇద్దరు పిల్లలు ఒకేసారి చెయ్యెత్తితే ఒకణ్ణే పిలవాలి.

నాకు ఒక్క సంగతి రాయి. ఆ పెద్ద క్లబ్బువాళ్ళు ఏమన్నారు? తీసుకున్నారా? ఆ చొక్కాలో వాడి ఫోటో ఒకటి పంపు. ఎక్కడ దాచాలో నేను చూసుకుంటాను. నాకు ఇప్పుడు చేతిలో పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

భ్రమరాంబ


ట్రుగనీనా
12 డిసెంబరు 2024

అక్కా,

ఫోటో లేదు. పెద్ద క్లబ్బు లేదు.

మే నెలలో ఒక ఆటలో ద్వారక కుడి మోకాలు పోయింది. ఎవరూ తన్నలేదు. ఒంటరిగా తిరగబోయి పడ్డాడు. కాలు పట్టుకోగానే నాకు తెలిసిపోయింది, లోపల ఎముకల్ని కలిపి ఉంచే బంధం తెగిందని. రంగూన్‌లో ఒకసారి తెగితే అతుకు వేశారట, మళ్ళీ అక్కడే. దానితోపాటు కీలు మధ్య దిండులా ఉండే మెత్తటి పొర కూడా చిరిగింది. సర్జన్ చూసి, ఆపరేషన్ చేస్తే నడకకి ఢోకా లేదు, ఆట మాత్రం మర్చిపొమ్మన్నాడు. ప్రభుత్వాసుపత్రి వరుసలో ఎదురుచూస్తున్నాడు. గోడౌనులో అతన్ని కూర్చోబెట్టి పెట్టెలకి చీటీలు అంటించే పని ఇచ్చారు. జూన్ ఉత్తరంలో నేను రాసిన ఆట ఏప్రిల్‌లో చూసింది.

మీకు చెప్పొద్దని బతిమాలాడు. "అత్త నా ఆట కోసం పెళ్ళి కూడా మానీసింది. కాలు పోనాదంటే ఆవిడకి ఏటి మిగుల్తాది" అన్నాడు. ఒక రోగి సంగతి అతని అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. దాని వెనక హాయిగా దాక్కున్నాను. చెప్పకపోవడం వేరు, లేనిది రాయడం వేరు. ఆ తేడా నాకు తెలియక కాదు.

ఒక విషయం సరిగ్గా చెప్పాలి. బాగానే ఆడుతున్నాడని రాయమన్నది అతను. కంచె దగ్గర మనిషి మాత్రం నేను కల్పించినవాడు. ద్వారకకి ఆ మాటే తెలియదు. ఆగస్టు ఉత్తరం చదివేటప్పుడు పైన మీరు రాసిన పెద్ద క్లబ్బు మాట దాటేశాను. ఎందుకు కల్పించానని ఈ నెలంతా నన్ను నేనే అడుగుతున్నాను. మీ నీళ్ళ పండుగ ఉత్తరం చదివాక మీకు ఏదైనా ఇవ్వాలనిపించింది. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. రాస్తూ ఉంటే కలం అటు వెళ్ళింది. ఇలా అంటే నేనేదో పని లేనిదానిలా కనిపిస్తానని తెలుసు. సెప్టెంబరులోనే చెబుదామనుకున్నాను. మీరు వద్దన్నది ఆ క్లబ్బు మాట నమ్మే అని అప్పటికే అర్థమైంది నాకు. అర్థమయ్యీ 'ఈసారి రాస్తాను' అని రాశాను.

అక్కా, ఇంకా ఆలస్యం కాలేదేమో. మేజర్ దగ్గరికి వెళ్ళండి, లేదా ద్వారకకి చెప్పమని నాకు ఒక్క మాట పంపండి. రామాలయం ఫోనుకి నాలుగైదుసార్లు చేశాను. ఒకసారి ఎవరో మగగొంతు పలికింది, నేను భయపడి పెట్టేశాను. సంచిలో చేపల కింద పడి ఈ కాగితం ఎప్పటికి చేరుతుందో ఏమో. మీ కబురు వచ్చేదాకా అతనికి ఏమీ చెప్పను. ఇది కూడా తప్పేనేమో.

సృజన


మౌల్మీన్
2 ఫిబ్రవరి 2025

సృజనగారికి,

మీ ఉత్తరం జనవరి చివర్లో అందింది. చందు డిసెంబరు మొదటి వారంలో పోయాడు. మీరు రాయడానికి కూర్చునేటప్పటికే పోయాడు. కాబట్టి ఆ ఉత్తరం ముందు రాలేదని మీరు బాధపడనవసరం లేదు. దాని ముందరి సెప్టెంబరు ఉత్తరంలో రాయకపోవడం గురించి మీ ఇష్టం.

శవం రాలేదు. వార్డు ఆఫీసు నుంచి ఒకతను వచ్చి నిలబడే చెప్పి వెళ్ళాడు. తరవాత చందుతో ఉన్న కుర్రవాడు ఒకడు, చెయ్యి పోయి ఇంటికి పంపించినవాడు, వచ్చి చెప్పాడు. నది దాటుతుండగా అవతలి ఒడ్డునుంచి కాల్చారట. వీడికి ఈత రాదు. వీళ్ళ అమ్మానాన్నలు అలా పోయారని నేనే వీడిని నీళ్ళ దగ్గరికి వెళ్ళనిచ్చేదాన్ని కాదు. గుండు తగిలి పోయాడో మునిగిపోయాడో ఆ కుర్రవాడు చెప్పలేకపోయాడు. నేను మళ్ళీ మళ్ళీ అడిగాను. మూడోసారి అతను ఏడ్చాడు, ఇంక అడగలేదు.

మిమ్మల్ని నేను తిట్టను. నాకు మీరు శత్రువు కాదు. కానీ ఒక్క సంగతి మీకు తెలియాలి. పెద్ద క్లబ్బు మాట లేకపోతే ఆ రోజు మేజర్‌కి ఏం చెప్పి ఉండేదాన్నో నాకు తెలియదు. అప్పుడూ వద్దనే అనేదాన్నేమో. వాడి మోకాలు పోయిందని తెలిస్తే, పోయిన కాలే గదా, వాళ్ళకి చూపించి చందుని తెచ్చుకుందామని అనుకునేదాన్నేమో. పొద్దున్న ఒకలా తోస్తుంది, సాయంత్రానికి ఇంకొకలా. ఇన్నాళ్ళూ నేను చేసిన ప్రతి తప్పూ నాదే అని చెప్పుకుని బతికాను. ఇది నాదో కాదో తెలియకుండా చేశారు మీరు.

హాలు మూసేశాను. ఆడపిల్లలు వచ్చి తలుపు కొట్టి వెళుతున్నారు.

ఈ ఉత్తరంలో పైనా కిందా లేదు. మొత్తం ద్వారకకి చదివి వినిపించండి. నావీ, మీవీ, పాతవన్నీ. మీ దగ్గర నకళ్ళు లేకపోతే జ్ఞాపకం చేసుకుని చెప్పండి.

భ్రమరాంబ


ట్రుగనీనా
9 మార్చి 2025

భ్రమరాంబగారికి,

చెప్పాను.

ద్వారక ఇప్పుడు శనివారాలు మైదానంలో గీతలు వేస్తాడు. సున్నం నీళ్ళ డబ్బా అమర్చిన చక్రాల బండి ఒకటి ఉంటుంది. దాన్ని తోసుకుంటూ కాలు ఈడ్చుకుంటూ మైదానమంతా తిరుగుతాడు. కోచ్ మొహమాటానికి ఇచ్చిన పని అనుకున్నాను గానీ అతనే అడిగి తీసుకున్నాడట. నిన్న మధ్యాహ్నం వెళ్ళేసరికి మైదానంలో ఎవరూ లేరు. మధ్య వృత్తం సగం గీసి ఉంది. చదవాల్సినవి ఉన్నాయన్నాను. నా మొహం చూసి బండి వదిలేసి గడ్డిలో కూర్చున్నాడు.

మొదటినుంచీ చదివాను. నేను పంపినవాటికి ఫోన్లో ఫోటోలు ఉన్నాయి. గీత పైవి, కిందివి, నా కల్పన, అన్నీ. అతను విన్నవాటి దగ్గర కూడా ఆపలేదు. చందు లారీ ఎక్కడం దగ్గర తల వంచుకున్నాడు. మీ ఆఖరి ఉత్తరం అయ్యాక చాలాసేపు గడ్డి పీకుతూ కూర్చున్నాడు. నేను ఏడుస్తున్నాను. నన్ను చూసి, "నువ్వెందుకక్కా" అన్నాడు. దయగా అనలేదు. నిజంగానే తెలుసుకోవడానికి అడిగాడు. నాకు కన్నీళ్ళు ఆగిపోయాయి.

మేజర్ మొదటిసారి వచ్చింది ఏ నెలలో అని అడిగాడు. జులై అని చెప్పాను. అప్పుడు తను కర్రల మీద నడుస్తున్నానన్నాడు. రెండోసారి ఎప్పుడని అడిగాడు. అక్టోబరు అయుంటుందన్నాను. అప్పటికి కర్రలు వదిలేశానన్నాడు. లేచి వెళ్ళి వృత్తం పూర్తి చేశాడు. పక్క పేట పిల్లలు ఆటకి వచ్చే వేళయింది. బండి కడిగి గదిలో పెట్టి తాళం వేసి వచ్చాడు.

ఇకనుంచి తన కాలు క్లబ్బుకొచ్చే వేరే ఎవరైనా చూస్తే చాలన్నాడు. సరేనన్నాను. షెపర్టన్ వైపు పళ్ళ తోటల్లో కూర్చుని చేసే పని ఉందట, ఈ నెలాఖరుకి వెళ్ళిపోతాడు. చిరునామా ఇవ్వలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనుకున్నాను, అడిగి ఉండాల్సిందేమో.

కారు దాకా వచ్చాడు. మీకు ఒక్కసారి రాయాలన్నాడు. కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని, అతను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. కింద ఉన్నది అదే:

'అత్తా, మేజర్ రెండుసార్లొచ్చినాడంట. రెండుసార్లూ నువ్వే జవాబు సెప్పీసినావు. నన్ను ఎవులూ అడగలేదు. చందు నాకు తమ్ముడు. ఆళ్ళకి నా కాలు అక్కర్లేదు అత్తా, ఫోటోకి నా మొహం సాలు. కుంటుకుంటూ వొచ్చీవోణ్ణి. జైల్లో ఎట్టినా కూకునుందును. నేను బాగా ఆడతన్నానని నువ్వు ఆడ్ని ఒగ్గీసినావు. నేను ఆడతం లేదని నీకు సెప్పకుండా నేనూ ఆడ్ని ఒగ్గీసినాను. ఆ నది పేరేటో కనుక్కో.'

మీ ఆరోగ్యం గురించి అడగమంటావా, జాగ్రత్తగా ఉండమని రాయమంటావా అని అడిగాను. వద్దన్నాడు. కింద పేరైనా రాయనా అంటే, "ఏటీ కలపకు" అన్నాడు.

ఏమీ కలపలేదు.

సృజన